కానుకల కర్రకు కట్టిన ఫ్లాష్

మా చిన్న మరదలు గ్రేసు పెళ్ళికి ఫోటోలు తీసింది నేనే. ఈ మాట మా అత్తగారి ఊళ్ళో ఎక్కడ అన్నా, విన్నవాళ్ళు ముందు నవ్వి, తర్వాత నాకు కుర్చీ వేస్తారు. ఆ ఊరి చర్చిలో అంతకుముందు చాలా పెళ్ళిళ్ళు జరిగాయి, ఆ తర్వాతా జరిగాయి. కానీ సూత్రం కట్టే వేళ గుడి లోపల మెరుపు మెరిసింది మాత్రం ఆ ఒక్క పెళ్ళిలోనే. ఆ మెరుపు నాది. దాని వెనక ఉన్న కుళ్ళు కూడా నాదే. కాబట్టి ఎవరి మీదా నెట్టకుండా చెబుతాను, నవ్వు వస్తే ఆపుకోకండి.

అరవైలు మొదలైన రోజులు. విడవలూరు బజారులో నాకొక చిన్న స్టూడియో ఉండేది. వెనక గోడకు పెద్ద గుడ్డ మీద సముద్రం గీయించి వేలాడదీశాను. అసలు సముద్రం అక్కడికి ఎంతో దూరం లేదు. అయినా జనం తలకు నూనె రాసుకుని వచ్చి ఈ గుడ్డ సముద్రం ముందే నిలబడేవాళ్ళు, ఎందుకంటే ఇక్కడ చీర తడవదు. దేవదానం స్టూడియో అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరని నేను అనుకునేవాణ్ణి.

మా అత్తగారిది తోటపల్లి గూడూరు. పేరు శాంతమ్మ. ముగ్గురు ఆడపిల్లలు. పెద్దమ్మాయి సుగుణ నా భార్య. రెండో అమ్మాయి భర్త సాల్మన్. మూడో అమ్మాయే గ్రేసు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. చేపల పులుసు వండితే తలకాయ పెద్దల్లుడి పళ్ళెంలోకే రావాలి. ఎవరూ పలక మీద రాసి పెట్టలేదు గానీ, నేను అల్లుడినైన నాటి నుంచి తలకాయ దారి తప్పకుండా నా దగ్గరికే వచ్చేది. దానికి తోడు ఇంట్లో ఏ ఫోటో తీయాలన్నా నేనే. ఈ రెండు గౌరవాలతో నా రోజులు హాయిగా గడిచిపోతుండేవి.

ఇంతలో సాల్మన్ వచ్చాడు. మద్రాసులో కంపెనీ ఉద్యోగం. మనిషి పొడుగు. చెయ్యి చాపితే ఇంటి దూలం అందుకుంటాడు. నేను స్టూలు ఎక్కితే గానీ గడియారానికి కీ ఇవ్వలేను. పైగా ఎవరినీ నొప్పించని మెత్తని మాట. ఇలాంటివాడు తోడల్లుడైతే ఎంత బాధో అనుభవించినవాళ్ళకు తెలుస్తుంది. తిట్టడానికి ఒక్క కారణమైనా ఇవ్వడు.

ఆ ఏడు క్రిస్మసుకు సాల్మన్ కొత్త కెమెరా, ఫ్లాష్ గన్ తెచ్చాడు. ఇప్పటి పిల్లలకు కాస్త చెప్పాలి. అప్పట్లో ఫ్లాష్ అంటే వెండిలా మెరిసే ఒక గిన్నె, అందులో ఒక బల్బు. బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి కాలిపోతుంది, మళ్ళీ కొత్తది పెట్టాలి. గిన్నెను కెమెరా పక్కన బిగిస్తాం. చిన్న తీగ ఒకటి రెండింటినీ కలుపుతుంది. ఇక్కడ మీట నొక్కితే అక్కడ బల్బు వెలుగుతుంది. నాకూ అలాంటిదే ఉంది. నేనూ అందరిలాగే కెమెరాకు బిగించి, ఎదురుగా నిలబెట్టి, ముఖం మీద కొట్టేవాణ్ణి.

సాల్మన్ అలా చేయలేదు. మా అత్తగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కెమెరా కుడిచేత పట్టుకుని, ఫ్లాష్‌ను ఊడదీసి ఎడమచేత్తో పైకెత్తి పక్కకు చాపాడు.

"అదేంది సాల్మన్, ఊడిపోయిందా?" అన్నాను జాలిగా.

"లేదన్నా, పక్కనుంచి వెలుతురు పడితే ముఖం గుండ్రంగా వస్తది," అన్నాడు.

నేను నవ్వాను. స్టూడియో నడిపేవాడి నవ్వు అది. ఆ నవ్వు ఫోటో వచ్చేదాకే నిలిచింది.

ఆ ఫోటోలో మా అత్తగారు జమీందారిణిలా ఉంది. బుగ్గ మీద వెలుగు, ముక్కు పక్కన సన్నని నీడ, కళ్ళల్లో ఒక తడి. ఆమె ముఖంలో అంత మంచితనం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. అంతకుముందు నేను తీసిన ఫోటో ఒకటి వసారాలో వేలాడుతుండేది. అందులో ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉండి, వెనక గోడ మీద నల్లటి నీడ ఇంకో అత్తగారిలా నిలబడి ఉండేది. మా అత్తగారు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. నాదాన్ని తీసుకెళ్ళి వడ్లగది తలుపు వెనక మేకుకు తగిలించింది.

ఆ మధ్యాహ్నం వంజరం చేప పులుసు. నేను పళ్ళెం కాస్త ముందుకు జరిపాను. గరిటె నా పళ్ళెం దాటి వెళ్ళింది. తలకాయ సాల్మన్ పళ్ళెంలో పడింది.

"అత్తమ్మా, అన్నకు వెయ్యాల గదా," అన్నాడు సాల్మన్.

"ఆయన రోజూ తింటానే ఉండాడు. నువ్వు మద్రాసులో ఏం తింటావు నాయనా," అంది ఆవిడ.

నాకు తోక ముక్క వచ్చింది. అందులో ముళ్ళు ఏరుకుంటూ, నా కడుపులో మంట పులుసులో కారం వల్ల కాదని నాకు నేనే తెలుసుకున్నాను. అది అసూయ. శుద్ధమైన, కల్తీ లేని అసూయ.

కొన్నాళ్ళకు గ్రేసుకు సంబంధం కుదిరింది. వానలు పడుతున్న కాలం. పెళ్ళి మాటల్లో ఫోటోల సంగతి వచ్చింది. సాల్మన్ ముందే అన్నాడు, "అన్న ఉండగా నేనెట్టా తీస్తా? పెండ్లి ఫోటోలు అన్నే తియ్యాల."

చూశారా, ఎంత దుర్మార్గమో. గెలిచే వీలుండి కూడా పక్కకు తప్పుకున్నాడు. మా అత్తగారు నా వైపు తిరిగి, "తియ్యి నాయనా. అయితే చిన్నల్లుడు తీసినట్టు తియ్యి," అంది.

ఆ ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వలేదు. గ్రేసు ముఖాన్ని సాల్మన్ తీసినదానికంటే గుండ్రంగా తీయకపోతే నా స్టూడియో బోర్డు దించేయాలనిపించింది. తలకాయ సంగతి సరేసరి, అది మళ్ళీ నా పళ్ళేనికి వచ్చే దారి కూడా ఇదొక్కటే.

"సాల్మన్‌ను అడగరాదా, ఎట్టా తియ్యాల్నో చెప్తాడు గదా," అంది సుగుణ.

"నేను అడగాలా? వాణ్ణా?"

"నోరు తెరిచి అడిగితే ఏం పోద్ది?"

"పరువు పోతుంది."

"అదింకా ఉండాదా, వడ్లగదిలో పెట్టినాంక?" అంది సుగుణ. అప్పటిదాకా ఆమె నా పక్షమే అనుకుంటూ వచ్చాను.

ఎవరినీ అడగకుండా పని మొదలుపెట్టాను. ఫ్లాష్ తీగ జానెడే ఉంది. రేడియో బాగుచేసే అతని దగ్గర పొడుగాటి తీగ తెచ్చి, అసలుదాన్ని మధ్యకు కోసి, రెంటి పోగులూ మెలిపెట్టి, ముడుల మీద పాత పంచె పేలిక చుట్టాను. సాల్మన్ చెయ్యంత పొడుగు నాకు లేదు కాబట్టి ఫ్లాష్‌ను ఒక కర్రకు కట్టించి ఎవరిచేతనైనా పైకెత్తిద్దామని నా ఆలోచన. సాల్మన్ చెయ్యి కన్నా నా కర్ర పొడుగు. వెలుతురు ఇంకా పైనుంచి పడుతుంది, ముఖం ఇంకా గుండ్రంగా వస్తుంది. అభ్యాసం కూడా చేశాను, కాకపోతే బల్బు పెట్టకుండా చేశాను. ఒక్కసారి వెలిగి పోయేదాన్ని ఊరికే ఎందుకు తగలబెట్టాలి? సుగుణను గుడ్డ సముద్రం ముందు నిలబెట్టి, చీపురు కర్రకు ఉత్త గిన్నె కట్టి, "టక్" అని నోటితో అన్నాను. నోటితో అన్న ప్రతిసారీ బ్రహ్మాండంగా వెలిగింది.

పెళ్ళిరోజు పొద్దుటి నుంచి జల్లు. నేను పల్లెకారుల దగ్గర ఒక వెదురు గడ తెచ్చాను. వాళ్ళు దాని మీద వలలు ఆరేసేవాళ్ళు. చర్చి గుమ్మంలోనే సుగుణ ముక్కు మూసుకుంది.

"ఎండుచేపల కంపు కొడతా ఉండాది. దీన్ని గ్రేసు నెత్తిన పెడతారా? బయట పారేయండి ముందు," అంది.

గడ బయటికి పోయింది. లోపల జనం నిండుతున్నారు. అప్పుడు కనిపించింది, పాస్టరుగారి గదిలో మూలన నిలబెట్టిన కానుకల కర్ర. చర్చికి వెళ్ళనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆరాధనలో పాట మొదలుకాగానే సంఘ పెద్ద ఒకాయన పొడుగాటి కర్ర పట్టుకుని వస్తాడు. దాని చివర ఇత్తడి కడియం, కడియానికి మఖమలు సంచి. కర్రను వరసలోకి చాపితే చివర కూర్చున్నవాళ్ళు కూడా లేవకుండా కానుక వేయవచ్చు. సంచి ఊడదీసి చూశాను. కడియంలో నా ఫ్లాష్ గిన్నె కొలత తీసి చేయించినట్టు కూర్చుంది. కర్ర నిలువుగా ఎత్తితే గిన్నె పెళ్ళివాళ్ళ వైపు తిరుగుతుంది. దేవుడు నా పక్షాన ఉన్నాడని అనుకున్నాను.

ఆ కర్ర మోసే పెద్ద ఆశీర్వాదం గారు. నా పెళ్ళికి ముందు నుంచీ ఆ కర్ర ఆయన చేతిదే. "పెద్దయ్యా, ఇది ఒకసారి కావాల," అన్నాను.

"కర్ర ఇంకోరి చేతికి ఇయ్యనబ్బయా. కావాల్నంటే నేనే పట్టుకుంటా. ఏం చెయ్యాలో చెప్పు."

"ఏం లేదు, పెళ్ళికూతురి పక్కన నిలబడి నిలువుగా ఎత్తి పట్టుకోండి. నేను చెప్పేదాకా కదలొద్దు."

"ఓస్, ఇంతేనా," అన్నాడాయన.

అప్పుడే సాల్మన్ తల వంచుకుని గదిలోకి వచ్చాడు. వంచకపోతే గుమ్మం తగులుతుంది మరి. మెడలో కెమెరా ఉంది గానీ, నాకు పోటీ అనిపించుకోకూడదని ఫ్లాష్ గన్ మద్రాసులోనే వదిలి వచ్చాడట. దానికీ నాకు ఒళ్ళు మండింది.

"అన్నా, ఫ్లాషు నేను పట్టుకుంటాలే. పెద్దాయనకు శ్రమ ఎందుకు?"

"అక్కర్లేదు. నువ్వు పోయి కూర్చో."

"ఆ ముడికాడ టేపు చుట్టినావా? పోగులు ఒకదానికొకటి తగిలితే..."

"సాల్మన్, నేను నీకంటే ముందు నుంచి ఫోటోలు తీస్తున్నాను."

"సరేన్నా," అని వెళ్ళిపోయాడు. వాడు ఫ్లాష్ పట్టుకుంటే ఫోటో ఎంత బాగా వచ్చినా పేరు వాడికే పోతుందని నా భయం. అందుకే ఆ చేతుల్ని నా తీగకు దూరంగా ఉంచాను.

పెళ్ళి మొదలైంది. వాన జల్లుకు కిటికీలు మూసేశారు. లోపల మబ్బుగా ఉంది. సాల్మన్ పక్క వరసలో కూర్చుని, బల్ల మీద పాటల పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ కనిపించాడు. పనిలేక ఆడుకుంటున్నాడు, పాపం అనుకున్నాను. గ్రేసు తెల్లచీరలో, తలమీద ముసుగుతో, చూడముచ్చటగా ఉంది. ఆశీర్వాదం గారు కర్రను నిలువుగా ఎత్తి సిపాయిలా నిలబడ్డారు. కర్ర చివర నుంచి తీగ కిందికి దిగి, నేల మీద పాకి, నా కెమెరాకు చేరింది.

ఉంగరాలు మార్చుకున్నారు. నేను నొక్కాను. కెమెరా టక్‌మంది, బల్బు వెలగలేదు. ఎక్కడో ముడి వదులైంది. పేలిక మీదనుంచే ఆ ముడిని గట్టిగా నలిపాను. పోతే పోయింది, అసలు ఘట్టం సూత్రం కట్టడమే కదా.

పాస్టరుగారు సూత్రం పెళ్ళికొడుకు చేతికిచ్చి, "సంఘమంతా కీర్తన పాడుదాం," అని కళ్ళు మూసుకున్నారు.

పాట ఎత్తుకున్నారు. నేను చేసిన తప్పు అదే. గుళ్ళో పాట మొదలైతే ఆశీర్వాదం గారి కాళ్ళు ఏం చేస్తాయో నేను ఆలోచించలేదు.

ఆయన కాళ్ళు కదిలాయి. చేతిలో కర్ర ఉంది, చెవిలో పాట ఉంది. పెళ్ళికూతురి పక్కనుంచి హుందాగా నడిచివచ్చి, కర్రను అడ్డంగా దించి మొదటి వరసలోకి చాపారు. అడ్డంగా దించగానే నా ఫ్లాష్ గిన్నె ఆకాశం చూస్తూ పళ్ళెమైంది. మొదటి వరసలో మొదట కూర్చున్నది మా అత్తగారు. ఆమె గిన్నెను చూసింది. సంచి ఏమైందా అని ఒక్క క్షణం కనుబొమలు ముడిచింది. తర్వాత పాడుతూనే కొంగు ముడి విప్పి, బల్బు పక్కన ఒక నాణెం వేసి, కళ్ళకద్దుకుంది. పక్కావిడ కూడా వేసింది. ఆశీర్వాదం గారు కర్రను అలవాటుగా ఒకసారి గలగలలాడించి, రెండో వరసలోకి తిప్పారు.

"పెద్దయ్యా, ఇటు. ఇటు తిప్పండి," అన్నాను గొంతు తగ్గించి.

"ఉండబ్బయా. ఎడమపక్క వరసలు ఇంకా కాలేదు."

"కానుకలు కాదు పెద్దయ్యా, ఫోటో."

"దేవుని పని అయినాంకే ఏదైనా," అన్నారాయన, పాట రాగం తప్పకుండా.

అక్కడ పెళ్ళికొడుకు సూత్రం ఎత్తాడు. ఇక్కడ నా వెలుతురు చిల్లర పోగేసుకుంటూ దూరమైపోతోంది. నాకేమీ తోచలేదు. నా చేతిలో ఉన్నది తీగ ఒక్కటే. దాన్ని పట్టుకుని లాగాను.

కర్ర ఎవరో లాక్కుంటున్నారనుకుని ఆశీర్వాదం గారు అటు లాగారు. నేను ఇటు లాగాను. ఆయన వయసు మళ్ళినవారే గానీ పట్టు పట్టే. కొంచెంసేపు మేమిద్దరం, పాడుతున్న సంఘం ముందు, మధ్యలో తీగ, తాడాట ఆడాం. చివరికి నేను బలమంతా పెట్టి లాగేసరికి కర్ర జర్రున లేచి పెళ్ళివాళ్ళ వైపు తిరిగింది. గిన్నెలోని చిల్లరంతా పెళ్ళికొడుకు తలమీద, భుజాల మీద గలగలా కురుస్తుంటే గ్రేసు ఫక్కున నవ్వింది. అదే క్షణంలో ముడి మీద పేలిక జారి, పోగులు రెండూ ఒకదానికొకటి తగిలి, ఇంతసేపూ అలిగి కూర్చున్న బల్బు భగ్గుమంది.

నా కెమెరా ఆ సమయంలో నా పొట్టకు వేలాడుతూ నేల చూస్తోంది. మీట మీద నా వేలు లేదు.

గుడంతా ఒక్కసారి తెల్లబడి మళ్ళీ చీకటైంది. పాట ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో ముసలావిడ, "గుళ్ళోకి మెరుపు వచ్చింది, ప్రభువా," అంది. పాస్టరుగారు కళ్ళు తెరవకుండానే "ఆమెన్" అన్నారు. ఆ మాటకు గ్రేసు ఆపుకోలేక పడీపడీ నవ్వింది. పెళ్ళికొడుకు జుట్టులోంచి ఒక నాణెం తీసి ఆశీర్వాదం గారికి అందించాడు, ఆయన దాన్ని మర్యాదగా అందుకున్నారు.

ఆ రోజంతా నేను మళ్ళీ కెమెరా ముట్టలేదు, ఎవరి ముఖమూ చూడలేదు. తర్వాత చీకటిగదిలో ఫిల్ము కడిగితే పెళ్ళి ఫోటోల్లో చీకటి ఉంది, చీకటి మధ్య ఇంకాస్త చీకటి ఉంది. అది గ్రేసే అయుండాలని సుగుణకు చెప్పాను. గ్రేసుకు తన పెళ్ళి ఫోటో ఒక్కటీ లేకుండా చేశానే అని మాత్రం నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మరదలు చిన్నపిల్లప్పటి నుంచి నా స్టూడియోలో గుడ్డ సముద్రం ముందు ఆడుకున్న పిల్ల.

కొన్నాళ్ళకు అందరం మళ్ళీ తోటపల్లి గూడూరులో కలిశాం. సాల్మన్ మద్రాసు నుంచి ఒక ఫోటో తెచ్చి మా అత్తగారి చేతికిచ్చాడు. ఆమె చూసింది. చూస్తూ ఉండిపోయింది.

ఆ ఫోటోలో గ్రేసు నవ్వుతోంది. వెలుతురు పక్కనుంచి, కాస్త పైనుంచి పడి, బుగ్గ గుండ్రంగా, ముసుగు అంచు వెన్నెలలా ఉంది. పెళ్ళికొడుకు చుట్టూ నాణేలు గాలిలో ఆగి మెరుస్తున్నాయి. ఒక పక్క ఆశీర్వాదం గారు కర్రతో, ఇంకో పక్క ఒక పొట్టి మనిషి రెండు చేతులా తీగ పట్టుకుని, నోరు తెరుచుకుని ఉన్నాడు. జీవితంలో నేను అంతకంటే మంచి ఫోటో చూడలేదు.

"ఇదెట్టా తీసినావు? నీకాడ ఫ్లాషు లేదు గదా," అన్నాను.

"లేదన్నా. చీకటిగా ఉండాదని పాటల పుస్తకాల మీద కెమెరా ఆనించి, సూత్రం కట్టేటప్పుడు దాని కన్ను మూసుకోకుండా తెరిచే పెట్టినా. వస్తే వచ్చింది అనుకున్నా. సరిగ్గా అప్పుడే నీ బల్బు వెలిగింది. వెలుతురంతా నీదే. నేను ఊరికే మూత తీసి కూర్చున్నా."

ఇలా అని అందరి ముందూ నా భుజం తట్టాడు. ఆ పొడుగు చెయ్యే.

అర్థమైందా? ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీయాలనుకున్నాను. విడదీశాను. ఎంత దూరం విడదీశానంటే అది పోయి నా తోడల్లుడి కెమెరాలో పడింది. నా బల్బు, నా తీగ, నా చెమట. ఫోటో మాత్రం వాడిది. వచ్చిపోయేవాళ్ళు ముందు గదిలో ఆ ఫోటో చూసి "ఎవరు తీసినారమ్మా" అని అడిగితే, మా అత్తగారు "మా రెండో అల్లుడు" అంటుంది. "మరి ఈ నోరు తెరిచినాయన?" అంటే, "మా పెద్దల్లుడు. ఫోటోగ్రాఫరు," అంటుంది.

ఆ మధ్యాహ్నం మళ్ళీ వంజరం పులుసు. మా అత్తగారు గరిటె పట్టుకుని మా ఇద్దరి పళ్ళేల మధ్య చాలాసేపు ఆలోచించింది. "ఫోటో ఆ అబ్బాయిది, వెలుతురు ఈయనది," అని, న్యాయంగా తలకాయను రెండుగా చేసి చెరి సగం వేసింది. నేను తినకుండా రెండు ముక్కలూ కొలుచుకున్నాను. సాల్మన్ దాంట్లో కండ ఎక్కువ ఉంది. వాడు అది గమనించి తన ముక్క నా పళ్ళెంలో పెట్టబోయాడు. దాంతో నాకు మిగిలిన ఆకలి కూడా చచ్చిపోయింది.

ఆ పళ్ళెం ముందే, పులుసు చేత్తోనే, నేనొక ప్రమాణం చేశాను. నా ఊపిరి ఉన్నంతకాలం ఫ్లాష్‌ను కెమెరా నుంచి వేరు చేయను. ఒకవేళ చేయక తప్పకపోతే ముందు గుడి తలుపులు మూయించి, వరస వరసా వెతికి, సాల్మన్ అనేవాడు లోపల లేడని రూఢి చేసుకున్న తర్వాతే బల్బు బిగిస్తాను.